పడినవారు, నిలిచినవారు

కష్టకాలమున నిలిచినవారిని కొనియాడుట సులభము. వారి కథలు వినుట కింపుగా నుండును. పిల్లలకు చెప్పుట కనుకూలముగా నుండును. కాని నిలిచినవారి ప్రక్కనే పడినవారును ఉందురు. తఱచుగా వారే యెక్కువమంది. వారి గతి యేమయ్యెను? హింస తీరినపిదప వారు తలవంచుకొని తిరిగివచ్చి తలుపు తట్టినప్పుడు లోపలివారు తెరువవలెనా, మూసియుంచవలెనా? తెరచుటకు గాని మూయుటకు గాని యధికార మెవరిది? ఈ ప్రశ్న యొక మతమునకు మాత్రము సంబంధించినది కాదు. అయినను మూడవ శతాబ్దమునందలి క్రైస్తవసంఘము దీని నెదుర్కొన్నంత తీవ్రముగా నెదుర్కొన్న సమాజములు అరుదు. కావున ఆ చరిత్రను ముందుంచుకొని మా యభిప్రాయమును చదువరులకు విన్నవించుకొందుము.

క్రీ. శ. 249వ సంవత్సరమున డేసియస్ రోమక సామ్రాజ్యమునకు చక్రవర్తి యయ్యెను. సరిహద్దులయందు శత్రువుల దాడులును, లోపల సేనల తిరుగుబాటులును రాజ్యమును కలచివేయుచున్న కాలమది. దేవతల యనుగ్రహమును మరల సంపాదించినగాని రాజ్యము నిలువదని యాతడు తలచినట్లున్నది. జనులు దేవతలకు బలి యర్పించి, పానీయమును ధారవోసి, బలిద్రవ్యమును రుచిచూచి, అట్లు చేసినట్లు అధికారులవలన పత్రము పొందవలెనని శాసించెను. అట్టి పత్రములు నలువదికి పైగా ఈజిప్టు దేశమున దొరకినవి. వానిలో నొకటి మొసలి రూపమున కొలువబడు దేవతకు పూజారిణియైన స్త్రీ పొందినది. దేవతాసేవయే వృత్తిగా గల యామెయు పత్రము తెచ్చుకొనవలసివచ్చెననగా, ఆ శాసనము క్రైస్తవులకు మాత్రమే వర్తించినది కాదని స్పష్టము. అయినను తక్కినవారి కది యొక దినపు పని, క్రైస్తవులకు ప్రాణసంకటము.

250వ సంవత్సరము జనవరిలో రోము నగరపు బిషప్పు ఫేబియను ప్రాణము కోల్పోయెను. కొందఱు చెరలలో మరణించిరి. కొందఱు చిత్రహింసల నోర్చుకొనిరి. కాని ఉత్తర ఆఫ్రికాయందలి కార్తేజి నగరమున జనులు గుంపులుగా బలిపీఠమునొద్దకు పరుగెత్తిరనియు, ప్రొద్దుగూకినందున మఱునాడు రమ్మని యధికారులు చెప్పగా ఆ దినముననే కానిమ్మని బతిమాలుకొనిరనియు ఆ నగరపు బిషప్పైన సిప్రియను వ్రాసియున్నాడు. అప్పటికి వారిని పట్టుకొన్నవారు లేరు, కొట్టినవారు లేరు. భయమే ముందుగా వచ్చి తలారి పని చేసినది.

పడినవారందఱు నొక్కరీతిగా పడలేదు. బలి యర్పించినవారు కొందఱు. చిటికెడు ధూపద్రవ్యము నిప్పులో వేసి వచ్చినవారు కొందఱు. అధికారులకు ధనమిచ్చి, చేయని బలిని చేసినట్లు పత్రము మాత్రము కొనుక్కొన్నవారు మఱికొందఱు. ఈ కడపటివారు తమ చేతులకు మలినమంటలేదని సమాధానపడిరి. చేతులకంటలేదు; నిజమే. కాని పత్రముపై నున్న పేరు వారిదే. అసత్యమును నోటితో పలుకక వ్రాతచేత పలికించినంతమాత్రమున నది సత్యము కానేరదు. అయినను వీరిని బలిపీఠమునకు పరుగెత్తినవారితో సమానముగా నెంచుట న్యాయము కాదని సిప్రియనే పిమ్మట నొక లేఖలో వాదించెను. తనంతట పోయి, బలి యర్పించుటకు తనవారిని గూడ లాగుకొనిపోయినవాడొకడు. ఇంటివారందఱికి బదులుగా తానొక్కడే పోయి, ఆ పాపమును తన తలపై వేసుకొని, ఆలుబిడ్డలను కాపాడినవాడు మఱియొకడు. ఇద్దఱికి నొకే తీర్పు ఎట్లు తగును? గృహస్థులైన చదువరులు ఈ రెండవవానిని మనస్సున నిలుపుకొని, తామే ఆ స్థితిలోనున్న నేమి చేసియుందురో తలపోయవలెనని కోరుచున్నాము.

ఆ కాలపు లేఖలలో బోనా యను స్త్రీ ప్రసంగము కలదు. ఆమెను భర్తయే బలిపీఠమునొద్దకు ఈడ్చుకొనిపోయెను. ఇతరులు చేతులు పట్టుకొని ఆ చేతులతోనే బలికార్యము జరిపించిరి. ఆ కార్యము తనది కాదనియు, చేయించినవారిదే యనియు ఆమె యెలుగెత్తి చాటి, దేశాంతరవాసశిక్ష ననుభవించెను. పండితులు గ్రంథములు వ్రాసి తేల్చవలసిన ధర్మసూక్ష్మము నామె యొక్క కేకతో తేల్చినది. భర్త చేత ఈడ్వబడిన శరీరము వేరు, సమ్మతింపని మనస్సు వేరు.

రోము నగరమున న్యుమేరియా, కాండిడా యను స్త్రీలు పడినవారిలో చేరిరి. వారిలో నొకతె బలికై బయలుదేరి, సగము త్రోవనుండి మరలివచ్చి, ధనమిచ్చి తప్పించుకొనెనట. సంఘపెద్దలు వారి సంగతి విని, క్రొత్త బిషప్పు వచ్చువఱకు తీర్పును నిలిపిరి. తీర్పు కొఱకు వేచియున్న యా దినములలో వారేమి చేసిరి? కార్తేజి నుండి వెడలగొట్టబడి వచ్చిన 65 మంది విశ్వాసులను రేవునొద్ద కలిసికొని, వారి కన్ని యుపచారములును చేయుచుండిరి. తాము నిలువలేని చోట నిలిచినవారికి అన్నము పెట్టిరి. పశ్చాత్తాపమనగా నేమని యెవరైన మమ్ము నడిగినచో, ఈ యిద్దఱు స్త్రీలను చూపెదము.

ఇక తీర్పు తీర్చువారి సంగతి. విశ్వాసమును ధైర్యముగా నొప్పుకొని చెరలలో నుండినవారికి నాటి సంఘములో మిక్కిలి గౌరవముండెను. పడినవారు వారియొద్దకు పోయి సమాధానపత్రములు వేడుకొనిరి. వారును ఉదారముగా నిచ్చిరి. కొన్ని పత్రములలో ఫలానివానిని వాని వారితో గూడ చేర్చుకొనవలసినదని మాత్రముండెను. ఆ వారు ఇరువదిమందియో, ముప్పదిమందియో, ఎవరికెఱుక యని సిప్రియను మొఱపెట్టెను. ఆతని మాటలో న్యాయమున్నది. పేరు తెలియని వాని పాపమును, దుఃఖమును చూడకయే క్షమించుట క్షమ కాదు, నిర్లక్ష్యము. కాని సిప్రియను నోటినుండి ఆ మాట వచ్చుటలో చిక్కొకటి గలదు. హింసాకాలమున ఆతడు కార్తేజిలో నిలువక రహస్యస్థలమున దాగి, అక్కడనుండి లేఖలతో సంఘమును నడిపెను. మందను విడిచిన కాపరి యను నర్థము వచ్చునట్లు రోమునుండియే యెత్తిపొడుపు వచ్చెను. దెబ్బలు తిన్నవారు క్షమింపుమనుచుండగా, దాగినవాడు తొందరపడకుడనుట యెట్లుండునో యూహింపవచ్చును.

మఱియొకవైపున రోములో నొవేషియను అను విద్వాంసుడు లేచి, దేవుని త్రోసిపుచ్చినవారిని చేర్చుకొను నధికారము సంఘమునకు లేదనియు, వారు చచ్చువఱకు దుఃఖపడుచు బయటనే యుండవలసినదనియు పట్టుపట్టెను. 251వ సంవత్సరమున కొర్నేలియస్ రోము బిషప్పు కాగా, నొవేషియను వేఱు సంఘమునే స్థాపించెను. ఆ సంఘము కొన్ని శతాబ్దములు నిలిచెను. 325లో నైసియా మహాసభ జరిగినప్పుడు, ఆ సంఘపు బిషప్పు వాదము విని, అట్లయిన నిచ్చెన వేసికొని స్వర్గమునకు ఒంటరిగా నెక్కుమని కాన్‌స్టంటైను చక్రవర్తి యనెనని యొక ప్రాచీన చరిత్రకారుడు వ్రాసెను. పరిహాసమే యైనను అందు తత్త్వమున్నది. పడినవారెవరును చేరరాని స్వర్గమున జనము మిక్కిలి తక్కువగా నుండును.

251లోనే కార్తేజిలో బిషప్పులు సభచేసి నడిమిత్రోవ నేర్పరచిరి. పత్రము మాత్రము కొన్నవారిని ఒక్కొక్కరి సంగతియు విచారించి చేర్చుకొనవలెను. బలి యర్పించినవారు దీర్ఘకాలము ప్రాయశ్చిత్తము చేయవలెను, మరణకాలమున వారిని త్రోసివేయరాదు. కొలదికాలములోనే మఱియొక హింస రానున్నదని తోచగా, ప్రాయశ్చిత్తములోనున్న ఆ రెండవవారిని గూడ చేర్చుకొనిరి. ఆయుధము లీయకయే యుద్ధమునకు పంపుట తగదని వారి యూహ. ఈ తీర్పులో మాకు నచ్చినది దాని మెత్తదనము కాదు, కఠినత్వమును కాదు. ఒక్కొక్కరి సంగతి విచారించుట. వేయిమందికి నొక్కటే మాట చెప్పుట సోమరితనము. అది క్షమయైనను సోమరితనమే, శిక్షయైనను సోమరితనమే.

పడినవారిని చేర్చుకొన్నచో ప్రాణములిచ్చినవారి త్యాగమునకు విలువ యేమున్నదని యొక యాక్షేపణము కలదు. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. బిడ్డను చెరలో పోగొట్టుకొన్న తల్లి, ధనమిచ్చి తప్పించుకొన్న పొరుగింటివానితో నొక్క పంక్తిని కూర్చుండవలసివచ్చినప్పు డామె కడుపుమంట న్యాయమైనదే. కాని హతసాక్షి ప్రాణమిచ్చినది సత్యము కొఱకు గాని, తన పొరుగువానిని చిన్నబుచ్చుటకు కాదు. వాని పతనమువలన ఆమె బిడ్డ కీర్తి పెరుగదు. వాని పునరుత్థానమువలన తరుగదు. నిలిచినవారి పుణ్యమును పడినవారి మెడకు రాయిగా కట్టువారు, ఆ పుణ్యమునే తూకపురాయిగా దిగజార్చుచున్నారు.

దాగియుండిన సిప్రియను కథ ఎట్లు ముగిసెను? వలేరియను చక్రవర్తి కాలమున, 258వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీని ఆతడు విచారింపబడి, మరణశిక్ష వినినప్పుడు దేవునికి వందనములు చెప్పి, తన తల నఱకువానికి 25 బంగారు నాణెములిమ్మని తనవారితో చెప్పి ప్రాణము విడిచెను. ఒకనాడు దాగినవాడే మఱియొకనాడు నిలిచెను. 250లోనే ఆతనిపై తుదితీర్పు వ్రాసిపెట్టినవారు తప్పువ్రాసినవారైరి. మనుష్యుని బ్రదుకు నడుమ పుటలో చుక్కపెట్టరాదు.

ఈ పాఠమును సంఘము నిలుపుకొనెనా? 303లో డయొక్లీషియను మొదలుపెట్టిన హింసయందు ధర్మగ్రంథముల నధికారులకు అప్పగించినవారు ద్రోహులని పేరుపొందిరి. అట్టివానిచేత అభిషిక్తుడయ్యెనను నిందతో కార్తేజి బిషప్పు సీసిలియనును కొందఱు నిరాకరించిరి. విచారణలో ఆ నింద నిలువలేదు. అయినను చీలిక మానలేదు. శతాబ్దము గడచి 411లో ఇరుపక్షములవారు కార్తేజిలో కూడినప్పుడు ఒక్కొక్క పక్షమున 280 మందికి పైగా బిషప్పులుండిరి. నాడు ఎవరు ఏ గ్రంథము నప్పగించిరో కన్నులార చూచినవాడొక్కడును బ్రదికిలేడు. వాదించినవారందఱు ఆ తప్పునకు పిమ్మట పుట్టినవారే. కడకు రాజశాసనముచేత ఒక పక్షమును అణచుటకు నిర్ణయమయ్యెను. మహాపండితుడైన ఆగస్టీను సయితము బలవంతమున లోపలికి తెచ్చుట ధర్మమేయని సమర్థించెను. ఒకనాడు రాజభటుల చేత ఈడ్వబడిన సంఘము, మఱియొకనాడు రాజభటులను పిలిచి యితరుల నీడ్పించెను. బోనా వేసిన కేక వారి చెవుల కందలేదు కాబోలు.

వెలి, ప్రాయశ్చిత్తము అను మాటలు మన యిండ్లకు క్రొత్తవి కావు. కావున మేము తేల్చిన సంగతిని మూడు మాటలలో చెప్పెదము. తప్పును తప్పనుట మానరాదు. కొనుక్కొన్న పత్రము కొనుక్కొన్న పత్రమే. తప్పుచేసినవానిని విచారింపక క్షమించుటయు, విచారింపక వెలివేయుటయు ఒక్కటే దోషము. తీర్పుతీర్చు పీఠమునెక్కువాడు, బలిపీఠపు పొగ తన ముఖమునకు తగిలిన దినమున తానేమి చేసియుండునో ముందుగా తన్నుతాను ప్రశ్నించుకొనవలెను. సమాధానము రాకున్న, అట్టి మౌనముతోనే తలుపు తెరువవలెను. తట్టుచున్నవాడు రాత్రియెల్ల బయట నిలిచియున్నాడు.