కారనివ్వడం ఎవరి హక్కు?

అరచేతిలో ఇమిడే రబ్బరు రింగు అది. ఖరీదు కొద్ది పౌండ్లు. దాన్ని మార్చాలంటే మాత్రం ఇంజన్ దించాలి. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారంలో ఐదు లక్షలకు పైగా తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు సంగతి చెబుతున్నాను. క్రాంక్‌షాఫ్ట్ వెనక చివరన ఉండే ఆయిల్ సీల్ అరిగిపోతే నూనె క్లచ్ మీదికి చేరుతుంది, క్లచ్ జారుతుంది. అప్పుడు బానెట్ విప్పి, నూనే నీళ్లూ వంపేసి, రేడియేటర్ తీసి, ఇంజన్నీ గేర్‌బాక్స్‌నీ కలిపి గొలుసుతో పైకెత్తి, రెంటినీ విడదీసి, క్లచ్, ఫ్లైవీల్ ఊడదీస్తే తప్ప ఆ సీల్ కంటబడదు. కొత్తదాని అంచుకి కాస్త నూనె రాసి, వంకరపోకుండా చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టాలి. షాఫ్ట్ మీదే గాడి పడి ఉంటే ఎంత కొత్త సీలైనా నిలవదు.

మొదటి రెండేళ్ల ఇంజన్లలో అసలీ వెనక సీల్ లేనే లేదు. షాఫ్ట్ మీద మరలాంటి గాడి చెక్కి, తిరిగేటప్పుడు అది నూనెని లోపలికి తోసేలా చేశారు. బండి ఆగితే బొట్టు పడుతుంది. పడితే పడనీ అనుకునే చేశారన్నమాట.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ఈ గొడవెందుకంటారా? పరిశోధన పనిమీద ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ఏడాది, నేను అద్దెకున్న ఇంటి షెడ్డులో 1970 నాటి ఎం.జి.బి. ఒకటుండేది. ఇంటావిడకి డెబ్బై దాటాయి. భర్త పోయాక కారు ఆవిడదైంది. ఆయన సీల్ మార్చిన చలికాలం ఆల్బమ్ ఒకరోజు చూపించింది. గాల్లో వేలాడే ఇంజన్, మసి చేతులు, నవ్వు. ఒక్క ఫొటోలోనూ ఆవిడ లేదు. మరి ఇవి తీసిందెవరని అడిగాను. “నేనే. రాత్రిళ్లు లైటు పట్టుకున్నదీ నేనే” అంది, ఫిర్యాదేమీ లేకుండా. మన సిద్ధాంత గ్రంథాల కృతజ్ఞతల్లో ప్రూఫులు దిద్దిన శ్రీమతికి ఒక వాక్యమైనా దక్కుతుంది!

కుక్కర్ గాస్కెట్ కూడా రబ్బరు రింగే. వదులైతే ఆవిరి పక్కనించి పోతుంది, విజిల్ రాదు. మా అమ్మ దాన్ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి బిగుసుకున్నాక ఆ పూట గడిపేది, మర్నాడు బజారుకెళ్లి కొత్తది తెచ్చేది. దానికి ఆల్బమ్ ఏదని అడగడం తేలిక. మనం చాలాసార్లు అక్కడే ఆగిపోతాం, ఇంటిచాకిరీకి గౌరవం కావాలంటాం. అమెరికన్ కళాకారిణి మియర్ల్ లేడర్‌మాన్ యూకిలీస్ 1969లో ఇలాంటి రోజువారీ నిర్వహణ పనే కళ అని మానిఫెస్టో రాసింది. 1973లో హార్ట్‌ఫర్డ్‌లోని ఒక మ్యూజియం మెట్లు కడిగి, అదే తన ప్రదర్శన అంది. ఆమె మీద నాకు గౌరవమే. కానీ మన అమ్మలు పొగడ్త కరువై అలిసిపోలేదు కదా! అమ్మ చేతి వంట మీద ఉన్నంత కవిత్వం ఏ ఇంజన్ మీదా లేదు.

తేడా అంతా వాయిదాలో ఉందనిపిస్తుంది నాకు. సీల్ మార్చే ముందు ఆయన మూడేళ్లు కారు కింద ట్రే పెట్టుకున్నాడట. పాత బ్రిటిష్ కార్లన్నీ కారతాయని అక్కడివాళ్లు ముద్దుగా చెప్పుకుంటారు. ఆయన్నెవరూ సోమరి అనలేదు. చెయ్యకుండా ఉండగలిగాడు కనక, చేసినప్పుడు అది ప్రేమ అనిపించుకుంది. అమ్మ గాస్కెట్‌ని మూడు రోజులు వదిలేయగలదా? అన్నం రాత్రికే కావాలి.

అందరూ కారనిస్తే ఇల్లేమవుతుందని అడగొచ్చు. సరైన ప్రశ్నే. పసిబిడ్డ ఆకలి కింద ట్రే పెట్టలేం. నూనె క్లచ్ దాకా వెళ్లాక ఆయనకీ వాయిదా మిగల్లేదు. ఆగని పనులన్నీ ఒక మనిషి దగ్గరికి, ఆగగలిగేవన్నీ ఇంకొకరి దగ్గరికి ఎలా చేరాయన్నదే నన్ను వదలని ప్రశ్న. లైటు పట్టుకోవడం వీటిలో దేని కిందికి వస్తుందో కూడా నాకింకా తేలలేదు.

నేను తిరిగొచ్చేనాటికి ఆ కారు మళ్లీ కారుతోంది. షాఫ్ట్ మీద గాడి పడి ఉంటుందని మెకానిక్ అన్నాడు. ఏం చేస్తారని ఇంటావిడని అడిగాను. “కారనీ” అంది. వంటింట్లో కేకులు చేసుకునే ట్రే తీసుకెళ్లి దాని కింద పెట్టింది. క్రిస్మస్‌కి కొత్తది కొనుక్కుంటానంది.