రుద్రభూముల జాడ



మనవారు మరణించిరని చెప్పము, లింగైక్యమైరని చెప్పుదుము. దేహమును కూర్చుండబెట్టి, ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి, విభూతి పత్రులతో భూమికి అప్పగింతుము. కావున మన తాతముత్తాతలు ఏదో యొక యూరి రుద్రభూమిలో మట్టియై యున్నారు. గురువుల గద్దెలకు కట్టడములు గలవు. సామాన్య గృహస్థుని సమాధిపై మట్టిదిబ్బ తప్ప గుర్తు లేదు. అది కొన్ని వానలకే చదునగును. చోటెరిగిన వృద్ధుడు లింగైక్యమైనచో జాడయు ఆయనతోనే పోవును.

"స్థావరముకంటె జంగమమే మిన్న యను బసవ సంప్రదాయమున సమాధుల వెదకులాట యేల?" యని కొందరడుగుదురు. ప్రశ్న తగినదే. మనము వెదకునది పూజ కొరకు గాదు. కన్నవారిపట్ల కృతజ్ఞత మొదటి కారణము, భూరక్షణ రెండవది. జాడ తెలియని రుద్రభూమి నేడు దున్నబడును, రేపు ఇండ్ల స్థలములగును. అటుపై మన యింట లింగైక్యమైన వారికి ఆరడుగుల నేల దొరకదు.

1981లో శ్రీశైల జలాశయము నిండినపుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల కృష్ణాతీర గ్రామములు అనేకము మునిగినవి. బ్రతికినవారు కొత్త యూళ్లకు తరలిరి, సమాధులు నీటిలో నిలిచిపోయినవి. అట్టి యూరు గూగుల్ పటమున వెదకిన నీరే కానవచ్చును. ఐనను దారి యున్నది. అమెరికా సైన్యపు పటశాఖ 1950ల దశకమున 1:250000 ప్రమాణముతో ముద్రించిన మన దేశపు పటములను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము ఆన్‌లైన్‌లో ఉంచినది. వానిలో పాత యూరి స్థానము దొరకును. దానిని నేటి ఉపగ్రహ చిత్రముతో సరిపోల్చవలెను. పిదప పెద్దలను అడుగవలెను: రుద్రభూమి ఊరికి ఏ దిక్కున? చెరువునకు ఎంత దూరము? వారి మాట లేనిదే పటము మూగది.

మునుగని యూళ్లలో పని సులభము. గూగుల్ ఎర్త్‌లో గత సంవత్సరముల చిత్రములను చూచిన, నేల ఎప్పుడు దున్నబడెనో తెలియును. గ్రామపటమున సర్వే నంబరు చూచి, అది శ్మశాన భూమిగా నమోదైనదో, పట్టాభూమియో రెవెన్యూ కార్యాలయమున విచారింపుడు. తెలిసిన చోటును ఫోనులో గుర్తించి, మఠమునందలి పుస్తకమునను వ్రాసియుంచుడు.

కూడలసంగమమున బసవేశ్వరుని ఐక్యస్థలము నారాయణపుర జలాశయపు నీటి నడుమ బడగా, చుట్టును బావివలె గోడ కట్టి కాపాడినారు. నేడు మెట్లు దిగి దర్శించుచున్నాము. జాడ తెలిసినందున గదా ఆ గోడ లేచినది!

ఒక్క హెచ్చరిక. ఈ వెదకులాటలో వంశగర్వమునకు తావీయకుడు. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను. మీ పూర్వుడును అట్టి కాయకజీవియని తెలిసినచో సంతోషింపుడు. మీ వారి సమాధి ప్రక్కనున్న పేరు తెలియని సమాధులనుగూడ గుర్తింపుడు. వచ్చు వేసవిలో ఇంటి పెద్దలను, చదువుకొన్న పిల్లలను ఒకచోట కూర్చుండబెట్టి ఈ పని మొదలిడుడు.