నీళ్లకుండకు మూత

గృహస్థు ఇంట్లో తెలియకుండానే ప్రాణులు చచ్చే చోట్లు అయిదని మనుస్మృతి లెక్క చెప్పింది: పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటికి పంచసూనలని పేరు. ఆ దోషం పోవడానికే రోజూ పంచమహాయజ్ఞాలు చేయమంది. కుండలో కంటికి ఆనని ప్రాణులుంటాయన్న ఎరుక బౌద్ధంలోనూ ఉంది. భిక్షువు వెంట ఉండే కొద్దిపాటి వస్తువుల్లో నీళ్లు వడకట్టే గుడ్డ ఒకటి.

ఇప్పుడు నీళ్ల తొట్లలో ప్రాణులను చంపడానికి, కావాలనే ఒక బ్యాక్టీరియాను వేస్తున్నారు. దాని పేరు బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్, పొట్టిగా బీటీఐ. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి ప్రాంతంలో, దోమపిల్లలు చచ్చి పడి ఉన్న ఒక మడుగులో ఇది దొరికింది. తగిన మోతాదులో తాగునీటి తొట్లలోనూ దీన్ని వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

చంపే మందు సురక్షితం ఎలా అయింది? బ్యాక్టీరియా తనలో స్ఫటికాల్లాంటి ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. దోమపిల్ల వాటిని మింగితే, క్షార గుణమున్న దాని పేగులో కరిగి, పేగు కణాలకు అతుక్కుని చిల్లులు పొడుస్తాయి. పురుగు తినడం మానేసి చచ్చిపోతుంది. మనిషి కడుపులో ఉండేది ఆమ్లం; ఆ ప్రోటీన్ పట్టు చిక్కించుకునే తావులు మన పేగుల్లో లేవు. పిచికారీ చేసేవారికి కళ్లు, చర్మం మండవచ్చు కాబట్టి ముఖానికి రక్షణ, చేతులకు తొడుగులు తప్పవు. అన్నం పాడుచేసే బాసిల్లస్ సీరియస్‌కు ఇది దగ్గరి చుట్టం కూడా. అందుకే శాస్త్రజ్ఞులు దీనిమీద ఓ కన్నేసి ఉంచారు.

తమాషా ఏమంటే, బీటీఐ ఒక రకంగా ఉన్న బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) జాతి మొదట మనిషికి తెలిసింది మిత్రుడిగా కాదు. 1901లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఇషివాటా పట్టుపురుగులను చంపే రోగానికి కారణం వెతుకుతూ దీన్ని పట్టుకున్నాడు. క్యాబేజీ తోటలో లద్దెపురుగులపై రైతు చల్లే బీటీ రకం పక్కనున్న మల్బరీ ఆకుమీద పడితే, హిందూపురం వైపు పట్టు రైతుకు అది ఇప్పటికీ శత్రువే.

మరి చంపడం తప్పా, ఒప్పా? భారతంలో కౌశికుడనే బ్రాహ్మణుడికి మాంసం అమ్మే ధర్మవ్యాధుడు చెప్పిన మాట ఇక్కడ గుర్తుకు రావాలి. నాగలి దున్నినా, నడిచినా ప్రాణులు చస్తూనే ఉంటాయి, హింస అంటని బతుకు లేదంటాడు. పశ్చిమాఫ్రికా ఆ మాటకు సాక్ష్యం. నదుల ఒడ్డున నల్ల ఈగ కాటుతో సోకే రోగం వల్ల లక్షలమంది చూపు పోయే ప్రమాదంలో పడ్డారు. 1974లో మొదలైన నివారణ కార్యక్రమంలో, ఈగ పిల్లలు రసాయనాలకు లొంగకపోవడం మొదలయ్యాక బీటీఐ పెద్ద అండ అయింది. 2002 నాటికి ఆరు లక్షలమందికి చూపు నిలిచిందని అంచనా. ఆ కళ్ల ముందు ఈగ ప్రాణం గురించి వాదించడం ఎవరికైనా కష్టమే.

కానీ కథ అక్కడితో తేలిపోదు. దక్షిణ ఫ్రాన్స్‌లో కమార్గ్ అనే చిత్తడి నేలల్లో 2006లో దోమల కోసం బీటీఐ చల్లడం మొదలుపెట్టారు. దోమలతోపాటు వాటి చుట్టాలైన కుట్టని చిన్న ఈగలూ తగ్గాయి. వాటిని తిని బతికే హౌస్ మార్టిన్లు, అంటే మన వానకోవెలకు దగ్గరి జాతి పిట్టలు, మందు చల్లినచోట తక్కువ గుడ్లు పెట్టాయి. పిల్లలూ తక్కువే బతికాయి. 2010లో ఈ అధ్యయనం వెలువడింది. ఏ పిట్టమీదా విషం పడలేదు, గూట్లో తిండి తగ్గిందంతే.

ఇక్కడ ఒక తెలుగు మాట దారి చూపుతుంది. ప్రమాదం అంటే మనకు ముప్పు. సంస్కృతంలో దాని మొదటి అర్థం ఏమరుపాటు. జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో హింసను నిర్వచించింది ఆ అర్థంతోనే: ఏమరుపాటుతో ప్రాణం తీయడం హింస. ఈ కొలతతో చూస్తే మందు మనిషికి ప్రమాదకరం కాదని తేల్చడం సగం పనే. చల్లే చేయి ఏమరుపాటు లేకుండా ఉందా, ఆ నీటిమీద ఇంకెవరి బతుకు ఆధారపడిందో చూసిందా అన్నది మిగతా సగం. కొన్ని పురుగులకే గురిపెట్టే మందు హింసను తగ్గిస్తుంది, నిజమే. కానీ ఆ గురే మనిషికి చూడకుండా చల్లే ధీమానిస్తే, తగ్గిన హింస మళ్లీ పెరుగుతుంది.

డెంగీ రోజుల్లో మన ఊళ్లలో శుక్రవారం డ్రైడే అని డ్రమ్ములు, తొట్లు ఖాళీ చేయిస్తారు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి అది పనిచేస్తుంది. ఒలికిన నీళ్లతో దోమపిల్లలు చావాల్సిందే. అదే తొట్టికి గట్టి మూత ఉంటే తల్లిదోమ లోపల గుడ్లు పెట్టలేదు. ఆ తొట్టిలో బీటీఐ వేయాల్సిన పనీ ఉండదు.