కావాలని జారవిడిచిన పిడికెళ్లు

నేటి పఠనం: రూతు 2:1–17

మందుల కంపెనీలో ప్యాకింగ్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చాలా ఏళ్లు చేశాను. అందుకేనేమో, ఈ అధ్యాయం తెరిచినప్పుడల్లా బోయజు నాకు షిఫ్ట్ మొదలయ్యాక హాల్లోకి అడుగుపెట్టిన పైఅధికారిలా కనిపిస్తాడు. అలా వచ్చిన మనిషి ముందు ఎవరిని పలకరించాడో, మొదట ఏం అడిగాడో చూస్తే చాలు, ఆ రోజు మా గతేమిటో తెలిసిపోయేది.

యవల కోత నడుస్తోంది. బోయజు బేత్లెహేము నుంచి తన పొలానికి వచ్చాడు. వచ్చీ రాగానే కోతగాళ్లను తానే ముందు దేవుని పేరు చెప్పి పలకరించాడు. వాళ్లూ అలాగే బదులిచ్చారు. ఆ తర్వాత చేలో పరిగె ఏరుకుంటున్న రూతును చూసి, మేస్త్రీ వైపు తిరిగి, ఆ చిన్నది ఎవరి తాలూకు అని అడిగాడు. ఎన్ని పనలయ్యాయని కూడా అడిగే ఉంటాడు, యజమాని కదా. గ్రంథకర్త మాత్రం ఈ ఒక్క ప్రశ్ననే రాసిపెట్టాడు. మేస్త్రీ జవాబు కూడా ముచ్చటగా ఉంటుంది. అత్త నయోమి వెంట మోయాబు నుంచి వచ్చిన అమ్మాయి, అడిగి మరీ ఏరుకుంటోంది, పొద్దుటి నుంచి ఉంది, ఏదో కాసేపు నీడన కూర్చుందంతే అన్నాడు. ఊరితో పాటు ఆమె కష్టమూ చెప్పాడు. యజమాని ఎలా చూస్తే మేస్త్రీ కన్నూ అలాగే అలవాటు పడుతుంది.

నా కన్ను అలా అలవాటు పడలేదు. ఒడిశా నుంచి కాంట్రాక్టు మీద వచ్చిన ఒక అమ్మాయి లైను చివర కార్టన్లు సర్దేది. లైన్ లీడరు వచ్చి, "సార్, ఆ పిల్ల బాగా స్లో" అన్నాడు. ఎంత స్లో అని అడిగాను. గంట లెక్క చెప్పాడు. అయితే మార్చేయమన్నాను. అర నిమిషం కూడా పట్టలేదు ఆ మాటలకి. మూడు వారాల తర్వాత వేరే ఎవరో మాటల్లో చెబితే తెలిసింది. దాహమేస్తే ఆ అమ్మాయి గేటు పక్క కుళాయి దాకా నడిచి వెళ్లేదట. టోపీ, మాస్కు, తొడుగులు తీసి వెళ్లడం, మళ్లీ అవన్నీ వేసుకుని రావడం. హాలు బయటే కూలరు ఉంది, కానీ అది పర్మినెంటు వాళ్లదని ఎవరో ఆమెకు చెప్పారు. అలాంటి రూలు ఏ కాగితం మీదా లేదు. రోజూ ఆ కూలరు పక్క నుంచే నడిచేవాణ్ణి నేను.

రూతుకు బోయజు ఇచ్చిన మొదటి సదుపాయాల్లో నీళ్లొకటి. దాహమైతే కుండల దగ్గరికి వెళ్లి, పనివాళ్లు తోడిపెట్టిన నీళ్లు తాగమన్నాడు. పరదేశి, విధవరాలు, కూలికి కూడా కుదరని మనిషి. అలాంటామె ఇంకొకరు తోడిన నీళ్లు తాగడమంటే ఏమిటో మన ఊళ్లలో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్ల కుండకు ఎవరు ఎంత దూరంలో నిలబడాలో మనకు బడికన్నా ముందే నేర్పారు.

అయితే నేను ఇన్నేళ్లుగా గమనించకుండా దాటేసిన సంగతి ఇంకొకటి ఉంది. బోయజు రూతుతో మాట్లాడి ఊరుకోలేదు. ఆమె జోలికి వెళ్లవద్దని పనివాళ్లతో విడిగా చెప్పాడు. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఆమెను పిలిచి, రొట్టె చిరకలో ముంచుకోమని చెప్పి, పేలాలు అందించాడు. ఆమె తృప్తిగా తిని కొంత మిగుల్చుకుంది కూడా. మళ్లీ ఏరుకోవడానికి ఆమె లేచినప్పుడు అతను పనివాళ్లకు రెండోసారి చెప్పాడు. పనల మధ్య కూడా ఏరుకోనివ్వండి, చిన్నబుచ్చకండి, కట్టల్లోంచి కొన్ని వెన్నులు కావాలని లాగి పడేయండి, గద్దించకండి అని.

పరిగె ఏరినవాళ్లకు ఈ మాట బరువు తెలుస్తుంది. పనలు ఎత్తేశాకే పరిగెకు రానిస్తారు. పనలు చేలో ఉండగా పరాయి మనిషి దగ్గరికి వస్తే కేకలే. యంత్రాలొచ్చాక పరిగె మాటే చాలా ఊళ్లలో వినపడటం లేదనుకోండి. మోషే ధర్మశాస్త్రం ప్రకారం, లేవీయకాండం 19వ అధ్యాయంలో, పొలం అంచులూ రాలిన వెన్నులూ బీదలకూ పరదేశులకూ వదిలేయాలి. బోయజు అక్కడితో ఆగితే ఎవరూ తప్పుపట్టరు. రూలు అంచు వరకే ఇచ్చింది, అతను పనల మధ్యకు రానిచ్చాడు.

మనం సాధారణంగా చేసేది సగం పని. నలిగిపోతున్న మనిషిని క్యాబిన్లోకి పిలిచి, కుర్చీ చూపించి, ధైర్యం చెప్పి పంపిస్తాం. నలిపేవాళ్లతో మాత్రం ఒక్క మాటా అనం. ఎందుకంటే టార్గెట్ తెచ్చేది వాళ్లే. బోయజుకూ కోతగాళ్ల అవసరం తక్కువేమీ కాదు. కోత మధ్యలో వాళ్లు అలిగితే పంట చేలోనే రాలిపోతుంది. అయినా చెప్పాడు. మనకైతే ఇలాంటి మాట చెప్పడానికి చట్టమే ఉంది. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణకు మన దేశంలో 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలంటుంది, కాంట్రాక్టు వాళ్లూ దాని కిందికే వస్తారు. కమిటీ సభ్యుల పేర్లు గోడకు అంటించి, ఆడిట్ అయ్యాక ఇక అటు చూడని చోట్లు నాకు తెలుసు. "ఆ అమ్మాయి జోలికి వెళ్లొద్దు" అని పైమనిషి నోటితో పలకాల్సిన మాటను గోడ పలకదు.

బోయజు ఒక మూట యవలు అప్పుడే ఇచ్చి ఇంటికి పంపి ఉండొచ్చు. తర్వాతి అధ్యాయంలో ఆరు కొలతలు ఇచ్చి పంపాడు కూడా. మొదటి రోజు మాత్రం అలా చేయలేదు. సాయంత్రం దాకా ఆమెనే ఏరుకోనిచ్చాడు. ఆమే దుల్లగొట్టుకుంది. వచ్చిన యవలను మన తెలుగు బైబిలు దాదాపు తూమెడు అంటుంది. హీబ్రూ కొలత ఏఫా, అంటే సుమారు 22 లీటర్లు. ఆ తూమెడు ఎత్తుకుని రూతు అత్త దగ్గరికి వెళ్లింది, తన చెమట ఫలితంగానే. అందులో ఎన్ని వెన్నులు కావాలని జారవిడిచినవో ఆమెకు తెలిసినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. మా దగ్గర కొందరు పాత ఆపరేటర్లు ఇలాగే చేసేవాళ్లు. కొత్త కుర్రాడికి సాఫీగా నడిచే మెషీను అప్పగించి, మొరాయించేది తాము తీసుకునేవాళ్లు. సాయంత్రానికి ఆ కుర్రాడి లెక్క కూడా వాళ్లతో సమానంగా వచ్చేది, మరుసటి రోజు ఇంకాస్త ధీమాగా నిలబడేవాడు. దీనికి ఎవరూ ట్రైనింగ్ అని పేరు పెట్టలేదు.

బోయజుకు ఈ బుద్ధి ఎక్కడిది? మత్తయి వంశావళి అతని తల్లి రాహాబు అంటుంది. యెరికో నుంచి వచ్చి ఇశ్రాయేలులో కలిసిన పరాయి స్త్రీ. అమ్మను ఊరు ఎలా చూసిందో ఆ కొడుకు చూసే ఉంటాడని నా ఊహ.

పొలంలో ఆ మొదటి రోజే బోయజు, దేవుని రెక్కల కిందికి ఆశ్రయం కోరి వచ్చావని రూతును దీవించాడు. తర్వాతి అధ్యాయంలో, కళ్లంలో ఒక రాత్రి ఆమె అతన్ని, నీ కొంగు నా మీద కప్పమని అడిగింది. హీబ్రూలో రెక్కకూ కొంగుకూ ఒకటే మాట. దీవించిన నోటిముందుకే ఆ దీవెన తిరిగి వచ్చి నిలబడింది. "నీ కోసం ప్రార్థన చేస్తానమ్మా" అని కింది ఉద్యోగితో తేలిగ్గా అనేసే నాబోటివాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.

ఆ ఒడిశా అమ్మాయి సంగతి నాకు తెలిసేసరికి కాంట్రాక్టరు ఆమెను వేరేచోటికి పంపేశాడు. లైన్ లీడర్లందరినీ కూలరు దగ్గరికే పిలిచి, ఇది అందరిదీ అని చెప్పాను. ఆమెకు మాత్రం అది అందలేదు.

ప్రార్థన: ప్రభువా, ఈ రోజు నా కింద పనిచేసేవాళ్లలో దాహంతో దూరం నడుస్తున్నది ఎవరో నాకు చూపించు. వాళ్లతో చెప్పే ఓదార్పు మాట నాకు వచ్చు. వాళ్ల మీద నోరు చేసుకునేవాళ్లతో చెప్పాల్సిన మాట దగ్గరే నాకు గొంతు పెగలదు. భోజనాల బెల్లు కొట్టేలోపు ఆ మాట నా చేత చెప్పించు. ఆమేన్.