ఆనకట్ట పోయాక మిగిలిన గట్టు

“ఆనకట్ట ఎప్పుడో పోయింది. వాగు దాని దారిన అది పారుతోంది. ఇంక అక్కడ తవ్వాల్సిన పనేముంది?” అన్నాడు బాబాయి. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి.

“ఆనకట్ట పోయింది గానీ అది ఆపిన మన్ను పోలేదు బాబాయ్. నా లెక్కలో ఆ మన్ను కూడా ఆనకట్టే. అది తియ్యకుండా వాగును బాగుచేశామని చెప్పుకోకూడదు.”

మేం మాట్లాడుకుంటున్నది అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్ కౌంటీలోని బిగ్ స్ప్రింగ్ రన్ అనే చిన్న వాగు గురించి. ఐరోపా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు ఆ ప్రాంతంలో వాగు కనపడితే చాలు, అడ్డంగా కట్ట వేసి పిండి మరో రంపపు మరో పెట్టారు. 1840 జనాభా లెక్కల నాటికి తూర్పు రాష్ట్రాల్లో నీటితో తిరిగే మరలు 65 వేలకు పైనే. అదే కాలంలో మెట్టల మీద అడవి కొట్టి దున్నారు. వానకు కొట్టుకొచ్చిన మన్ను కట్టల వెనక మడుగుల్లో మేట వేసింది. కొన్నిచోట్ల మీటరు, కొన్నిచోట్ల ఐదు మీటర్లు. తర్వాత మరలు మూలపడ్డాయి, కట్టలు తెగాయి, వాగు ఆ మేటను నిలువునా కోసుకుంటూ కిందికి దిగింది. ఎత్తైన గట్ల మధ్య మెలికలు తిరిగే ఒంటి పాయ అలా పుట్టింది. వాగంటే ఇలాగే ఉంటుందని పాఠ్యపుస్తకాలూ నమ్మాయి. కాదని 2008లో ‘సైన్స్’ పత్రికలో రాసినవాళ్ళు రాబర్ట్ వాల్టర్, డొరతీ మెరిట్స్ అనే భూవిజ్ఞానులు.

గట్టు కోసుకుపోయిన చోట నిలబడి చూస్తే వాళ్ళ మాట అర్థమవుతుంది. పైన లేత గోధుమరంగు మెత్తటి మన్ను, గోడలా నిటారుగా ఉంటుంది. దాని కింద సన్నగా నల్లమట్టి పొర. ఆ కింద గులకరాళ్ళు. నల్లమట్టిని కడిగి జల్లెడ పడితే తుంగజాతి మొక్కల గింజలు దొరుకుతాయి. అంటే మరలు రాకముందు అక్కడ లోతైన వాగే లేదు. లోయంతా తుంగ పెరిగిన చిత్తడి నేల, దాని మధ్య సన్నటి పాయలు.

బాబాయి ఊరుకోలేదు. “అయితే 1700 నాటి వాగు కావాలంటావు. దానికి ముందరిది ఎందుకు కాకూడదు? మంచుయుగం నాటిది ఎందుకు కాకూడదు? నీకు నచ్చిన కాలం దగ్గర గీత గీసి ఇదే అసలు వాగంటే ఎలా?”

అందరూ అడిగేదే, కానీ తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదిది. “ఆ కాలాన్ని నేను ఎంచుకోలేదు బాబాయ్. ఆ తుంగ నేల వేల ఏళ్ళు చెక్కుచెదరకుండా నిలిచింది. ఇప్పటి గట్లు చూడు, ప్రతి వరదకీ విరిగిపడుతున్నాయి. చలికాలంలో మంచుకు బిగిసి, కరిగినప్పుడల్లా రాలుతున్నాయి. తనంతట తాను నిలబడగలిగిన నేలకీ, రోజూ కూలుతున్న నేలకీ తేడా లేదా?”

“కూలడం కూడా ప్రకృతే కదా. రెండు మూడు వందల ఏళ్ళు వదిలేస్తే తనే కోసుకుని తనే సర్దుకుంటుంది.”

“సర్దుకుంటుంది. ఆ లోపు మన్నంతా, దాన్ని పట్టుకున్న ఫాస్ఫరస్‌తో సహా, కోనెస్టోగా నదిలోంచి సస్క్వెహానాలోకి, అక్కణ్ణుంచి చెసపీక్ బే అనే అఖాతంలోకి పోతుంది. అక్కడ నీటి అడుగున గడ్డికి వెలుతురు అందదు, ఆల్చిప్పలు బురదలో కూరుకుపోతాయి. మనుషులు చేసినదాన్ని సర్దే భారం ఆల్చిప్పల మీద వెయ్యడం న్యాయమా?”

“సరే. మరి ఆనాటి అడవి లేదుగా. చుట్టూ తారు రోడ్లు, ఇళ్ళ కప్పులు. వాన పడ్డ కాసేపటికే నీళ్ళొచ్చి మీద పడతాయి. ఆ వరదకు తుంగ ఆగుతుందా?”

“వరద పెరిగింది గనకే నేల దించాలి. గట్లు ఎత్తుగా ఉంటే నీరు మధ్యలో ఇరుక్కుని అడుగునీ అంచులనీ కోస్తుంది. గట్టు దించితే మూరెడు ఎక్కగానే పక్కలకు పరుచుకుంటుంది, ఉరవడి తగ్గుతుంది.”

బాబాయి ఒక్క క్షణం ఆలోచించి, “హైడ్రాలిక్స్ ఒప్పుకోక తప్పదు” అన్నాడు. ఖర్చు మాట ఎత్తితే, బేలో కలిసిన మన్నును ఎంత డబ్బు పోసినా వెనక్కి తేలేం అన్నాను. గట్ల మీది చెట్ల మాటేమిటంటే, కొన్ని పోతాయి, నిజమే అన్నాను. ఆ రెండింటి మీదా మాట అంతకు మించి సాగలేదు.

పూడిక అనేసరికి ఆయన మనసు మన చెరువుల మీదికి పోయింది. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో రైతులు చెరువు మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్న సంగతి ఎత్తుకున్నాడు. చెరువు మట్టి పడ్డ చేను తడి ఎన్నాళ్ళు పట్టి ఉంచుతుందో చాలాసేపు చెప్పాడు. ఉన్నట్టుండి, “నీ లెక్కన రామప్ప చెరువు కట్ట కూడా తీసెయ్యాలా ఏం?” అన్నాడు.

“ఎందుకు తీస్తాం? పదమూడో శతాబ్దపు కట్ట, ఇవాళ్టికీ దాని కింద వరి పండుతోంది. తూమూ అలుగూ చూసుకునే మనుషులున్నారు. ఈ మర కట్టలకు దిక్కెవరు? మరా లేదు, కట్టా లేదు, మన్ను మాత్రం మిగిలింది.”

“బిగ్ స్ప్రింగ్ రన్‌లో ఎంత తీశారు?”

“2011లో సుమారు 20 వేల టన్నులు. నల్లమట్టి మట్టానికి దించి తుంగ నాటారు. వాగు దిగువన కొలిస్తే నీటిలో బురద బాగా తగ్గింది.”

“యంత్రం పెట్టాక ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది? డ్రైవరుకు తుంగ గింజలు కనపడవుగా.”

“ముందే వరసగా గోతులు తీసి నల్లమట్టి ఎంత లోతులో ఉందో చూసుకోవాలి. అది తగిలిన చోట ఆపెయ్యాలి.”

“తగలకపోతే?”

“అక్కడ చిత్తడి నేల ఉండేదని సాక్ష్యం లేనట్టే. ముట్టుకోకూడదు.”

“అయితే గోతులు తియ్యకుండా ఎవరన్నా యంత్రం దించితే నువ్వే అడ్డం పడాలి.”

“పడతాను” అన్నాను.