పగిలింది వాచీయేనా? ఒక డ్రిల్లు, ఒక గోడ, ఒక గీతా పాఠం



ఆదివారం వీడియోలో గమనించారో లేదో, నా ఎడమ చేతికి వాచీ లేదు. రెండేళ్లుగా మీరు ఏ వీడియో చూసినా అది కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే, కనిపించాలనే చొక్కా చెయ్యి కాస్త పైకి మడిచి కూర్చునేవాణ్ణి. ఈసారి ఎందుకు లేదో కెమెరా ముందు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

మాది పాతబస్తీ, లాల్ దర్వాజ. ఆషాఢం వస్తే మా గల్లీల సంగతి మీకు తెలుసు కదా. మొదట గోల్కొండ బోనాలు, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత మా సింహవాహిని మహంకాళి అమ్మవారు. బోనాలకు పది రోజుల ముందే ప్రతి ఇంట్లో సున్నాలు, రంగులు, రిపేర్లు మొదలైపోతాయి. మా ఇంట్లో దేవుడి గది గోడకు ఒక అర బిగించాలని అమ్మ ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. ఈసారి నేనే బిగిస్తానన్నాను. పక్కింటి వాళ్ల హ్యామర్ డ్రిల్లు తెచ్చాను. యూట్యూబ్‌లో రెండు వీడియోలు చూశాను. అంతే, మేస్త్రీని అయిపోయాననుకున్నాను!

బాపు స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఎక్కబోతుంటే ఒకే మాట అన్నాడు: "వాచీ తీసి దేవుని ముంగట పెట్టు బిడ్డా, పని అయినంక పెట్టుకో."

బాపుకు అది అలవాటు. ఆయన చేతికి ఉండేది పాత హెచ్‌ఎంటీ, రోజూ కీ ఇచ్చుకునే రకం. ఏ పని మొదలుపెట్టినా, చివరికి కూరగాయల సంచి సర్దినా సరే, ముందు దాన్ని తీసి దేవుడి గూట్లో పెడతాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నవ్వుకున్నాను కూడా. ఆ రోజూ నవ్వాను. "బాపూ, ఇది సఫైర్ గ్లాసు. దీనికి ఏం గాదు" అన్నాను.

ఆ వాచీ సంగతి కూడా చెప్పాలి. స్విస్ ఆటోమేటిక్. లక్షా ఇరవై వేలు. పన్నెండు నెలల ఈఎంఐ, నెలకు పది వేలు. కొనడానికి ముందు ఆరు నెలలు రాత్రిపూట రివ్యూలు చూస్తూ గడిపాను. అసలు ఈ పిచ్చి స్కూల్లో ఉన్నప్పుడే మొదలైంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ పెద్ద గడియారం ఉంది కదా, గంట కొట్టే వేళకు చిన్న గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్తాడు. పన్నెండింటికి అయితే పన్నెండు దెబ్బలు, జనం తోసుకుంటారు. అందరూ ఆ మనిషిని చూస్తుంటే నేను లోపల చక్రాలు ఎలా తిరుగుతాయా అని చూసేవాణ్ణి. ఇష్టపడటం తప్పు కాదు. ఆ ఇష్టం ఎక్కడ దారి తప్పిందో అదే ఈ రోజు విషయం.

మా ఇల్లు తాతల నాటిది. గోడ ఇటుకా సిమెంటూ కాదు, రాయీ డంగు సున్నమూ. పైన సున్నం మెత్తగా ఉంటుంది, బిట్టు వెన్నలో దిగినట్టు దిగుతుంది. లోపల ఎక్కడో గట్టి రాయి తగులుతుంది. యూట్యూబ్‌లో ఆ సంగతి చెప్పలేదు. బిట్టు రాయికి పట్టేసింది, డ్రిల్లు ఒక్కసారిగా చేతుల్లో గిర్రున మెలి తిరిగింది. నేను పక్కకు తూలాను. ఎడమ మణికట్టు రాతి ద్వారబంధం అంచుకు ఠంగుమని కొట్టుకుంది. అప్పటికే గోడకు సగం బిగించిన ఇనప బ్రాకెట్ మీద పడబోయాను. కానీ పడలేదు. బాపు పట్టుకున్నాడు.

కిందికి దిగి నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? వాచీ చూసుకున్నాను.

గ్లాసు అంచు పెట్లిపోయింది. పక్కన స్టీలు మీద లోతైన గీత. సెకన్ల ముల్లు ఆగిపోయి ఉంది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "స్టూలు సరిగ్గా పట్టుకోవచ్చు కదా బాపూ! లక్షా ఇరవై వేలు!"

బాపు ఏమీ అనలేదు. కుడిచెయ్యి భుజం మీది తువ్వాల్లో చుట్టుకుని, "వాచీ ఎక్కువ ఖరాబైందా బిడ్డా?" అని అడిగాడు.

తువ్వాలు ఎర్రగా అవుతోంది. నా ఒళ్లు బ్రాకెట్‌కు తగలకుండా ఆయన తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. మూడు కుట్లు పడ్డాయి.

మిత్రులారా, ఇది రాయడానికి నాకు చాలా సిగ్గుగా ఉంది. వారానికి ఒకసారి మీ ముందు కూర్చుని గీత గురించి మాట్లాడేవాణ్ణి. వైరాగ్యం మీద మూడు ఎపిసోడ్లు చేసినవాణ్ణి. రక్తం కారుతున్న తండ్రి చెయ్యి కంటే ముందు నా కంటికి వాచీ కనిపించింది.

గీత రెండో అధ్యాయంలో 62, 63 శ్లోకాల్లో కృష్ణుడు ఒక మనిషి ఎలా కిందికి జారిపోతాడో మెట్టు మెట్టుగా చెబుతాడు. మనం ఎన్నోసార్లు విన్నాం. ఆ రాత్రి నిద్ర పట్టక, ఆ మెట్ల మీద నా కథ పెట్టి చూసుకున్నాను.

మొదటి మెట్టు, ఒక వస్తువు గురించి అదే పనిగా తలచుకోవడం. అంటే నా ఆరు నెలల రివ్యూలు. గమనించండి, భగవంతుడు అక్కడ వాడిన మాట ధ్యానం. మనం ధ్యానం చేయడం లేదని అనుకుంటాం కానీ, అర్ధరాత్రి దాకా ఫోన్లో చేసేది అదే. రెండోది సంగం, అంటే అతుక్కుపోవడం. మూడోది కామం, నాకు కావాల్సిందే అనడం. అదే ఈఎంఐ! నాలుగోది క్రోధం, దానికి దెబ్బ తగలగానే బాపు మీద అరవడం. ఐదోది సమ్మోహం, తప్పు ఎవరిదో కూడా తెలియకపోవడం. వాచీ తీయమని చెప్పింది ఆయన, వినంది నేను, తిట్టు తిన్నది ఆయన! ఆరోది స్మృతి పోవడం. ఎదురుగా ఉన్నది ఎవరో మర్చిపోవడం. నాకు సైకిలు నేర్పేటప్పుడు వెనక పట్టుకుని పరుగెత్తిన చెయ్యి అది. ఏడోది బుద్ధి నశించడం. ఎనిమిదోది నేనే నశించడం.

ఆరు నెలలు ఎక్కిన మెట్లు, ఆరు సెకన్లలో దిగిపోయాను.

రెండు రోజుల తర్వాత ఆ వాచీ పట్టుకుని మహబూబ్ చౌక్ వైపు వెళ్లాను. 1892 నాటి గడియారం స్తంభం ఉంది కదా, దానికి దగ్గర్లోని ఒక గల్లీలో ముసలి చాచా ఒకాయన చిన్న డబ్బా లాంటి కొట్టు పెట్టుకుని వాచీలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని వెనక మూత తీశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఓ చిన్న దిక్సూచి తీసి వాచీ పక్కన పెట్టాడు. దిక్సూచి ముల్లు ఉత్తరం వదిలేసి, గిర్రున వాచీ వైపు తిరిగింది.

"చూడు బేటా, దీనికి అయస్కాంతం పట్టింది" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. లోపల ఒక చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతుంది, నా వాచీలో అయితే గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు ఎనిమిది. దాన్ని ఊపేది వెంట్రుకలాంటి సన్నని స్ప్రింగు. డ్రిల్లు మోటారులో అయస్కాంతం ఉంటుంది. వాచీ కట్టుకున్న చేత్తోనే దాన్ని గట్టిగా పట్టుకుని అంతసేపు పనిచేస్తే, స్ప్రింగుకు ఆ గుణం అంటుకుంటుంది. చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ తర్వాత వాచీ సరైన టైం చూపించదు. దెబ్బకు ఆ చక్రం ఇరుసు కూడా వంగింది. సఫైర్ గ్లాసు మీద గీత పడటం కష్టమే, కానీ అంచు మీద గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. ఎంత గట్టిదో అంత పెళుసు.

నేను ఆ దిక్సూచినే చూస్తూ కూర్చున్నాను. ఉత్తరం వైపు ఉండాల్సిన ముల్లు. పక్కకు ఏది వచ్చిందో దానివైపు తిరిగిపోయింది. ఆ రోజు నా చూపు కూడా అంతే కదా! అయస్కాంతం పట్టింది వాచీకి ఒక్కదానికే కాదు, నాకూ పట్టింది.

మనకు దేవుడు ఎవరని అడిగితే శివుడనో, రాముడనో, అమ్మవారనో చెబుతాం. అది నోటి మాట. ఏదైనా పగిలిన క్షణంలో, ఆలోచించే టైం లేనప్పుడు, కళ్లు ముందుగా ఎటు తిరుగుతాయో చూసుకోండి. ఆ క్షణానికి మన దేవుడు అక్కడున్నాడు. ఎవరినో అనడం లేదు, నన్ను నేను అనుకుంటున్నాను.

మరి దీనికి మందు ఏంటి? వాచీ అమ్మేసి దానం చేయమంటానని అనుకోకండి. మన ధర్మంలో అర్థం కూడా ఒక పురుషార్థమే. దసరాకు సుత్తికీ, బండికీ, లాప్‌టాప్‌కీ బొట్టు పెట్టి పూజ చేసేవాళ్లం మనం. వస్తువు శత్రువు కాదు. దాని చోటు అది దాటిపోవడమే తప్పు.

చాచా తర్వాత ఏం చేశాడో చెబుతాను. అయస్కాంతం తీసే చిన్న పెట్టె ఒకటి ఉంది. వాచీని దాని మీద పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని, మెల్లగా, చాలా మెల్లగా వాచీని దూరం జరిపాడు. మధ్యలో బటన్ వదిలేస్తే అయస్కాంతం మిగిలిపోతుందట. మళ్లీ దిక్సూచి పక్కన పెట్టాడు. ముల్లు కదల్లేదు, ఉత్తరం వైపే ఉంది.

గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు మనసు గురించి చెప్పింది కూడా ఇదే. ఒక్క గుంజుతో కాదు, మెల్లమెల్లగా వెనక్కి తీసుకురావాలి. అభ్యాసమూ వైరాగ్యమూ రెండూ కావాలి. ఒక్కరోజు ఆవేశంతో అన్నీ వదిలేస్తే పని జరగదు. బటన్ మధ్యలో వదిలేసినట్టే.

ఇంకో మాట. దెబ్బ తగిలినప్పుడు నోరు జారడం నాలాంటి వాళ్లకే కాదు, మహాభక్తులకూ జరిగింది. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, మన రామదాసు, గోల్కొండ చెరసాలలో ఉన్నప్పుడు ఏం చేశాడో గుర్తు చేసుకోండి. రాముడికీ సీతమ్మకూ తమ్ముళ్లకూ తాను చేయించిన నగల ఖర్చు లెక్కలు చెప్పి, ఆ రాముణ్ణే నిలదీశాడు. అంతటి భక్తుడికి కూడా ఆ నొప్పిలో నగల ధర గుర్తొచ్చింది! కానీ అక్కడితో ఆగలేదు. నొప్పి భరించలేక అన్నాను, మనసులో పెట్టుకోవద్దని వెంటనే వేడుకున్నాడు. ఆయన మేనమామలే అక్కన్న, మాదన్న. హరిబౌలిలో వాళ్ల పేరుతో ఉన్న మహంకాళి గుడి నుంచే మా బోనాల ఊరేగింపులో ఏనుగు మీద ఘటం వస్తుంది. ప్రతి ఏడూ ఆ ఘటానికి దండం పెట్టుకుంటాను. ఈ ఏడు మాత్రం రామదాసు గుర్తొచ్చాడు. నోరు జారని భక్తుడు లేడు. జారాక వెనక్కి వచ్చి క్షమించమని అడిగాడా లేదా అన్నదే లెక్క.

నేను వెంటనే అడగలేకపోయాను. కుట్లు వేయించుకుని వచ్చిన రాత్రి బాపు అన్నం కలుపుకోలేక చెంచాతో తింటున్నాడు. జీవితంలో చెంచాతో అన్నం తినని మనిషి. నాకు మాట రాలేదు. చాచా దగ్గర నుంచి వచ్చిన రోజు సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, కంచం నేను తీసుకుని, పప్పన్నం కలిపి ముద్ద పెట్టాను. "తప్పయింది బాపూ" అన్నాను. ఆయన ముద్ద నమిలి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. అంతే. మా ఇంట్లో క్షమించడమంటే అదే.

బోనాల రోజు గుమ్మానికి వేపమండలు కట్టేది ఎప్పుడూ బాపే. ఈసారి ఆయన కింద నిలబడి చెబుతుంటే నేను కట్టాను. వాచీ లేదు చేతికి. అమ్మ బోనం ఎత్తుకుని గడప దాటుతుంటే, బాపు కట్టు కట్టిన చేత్తోనే దండం పెట్టాడు.

ఈ వారం మూడు చిన్న పనులు చేసి చూద్దాం. ఒకటి: ఏదైనా పని మొదలుపెట్టే ముందు, మీకు బాగా ఇష్టమైన వస్తువును తీసి దేవుడి ముందు పెట్టండి. వాచీయే కానక్కర్లేదు, ఫోను కూడా! రెండు: ఇంట్లో ఏదైనా పగిలితే, కింద పడితే, నోటి నుంచి వచ్చే మొదటి మాట "నీకేమైనా తగిలిందా?" అయ్యేలా అలవాటు చేసుకోండి. మూడు: పాతది ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఒక వస్తువు కోసం ఒక మనిషి మీద అరిచిన రోజు. ఆ మనిషి ఇంకా మీ ఇంట్లో ఉంటే, ఈ రోజే వెళ్లి అడగండి. రేపటికి వాయిదా వేయకండి.

వాచీ ఇప్పుడు నడుస్తోంది. ఇరుసు మారింది, గ్లాసు మారింది. పక్కన గీత పాలిష్ చేయమంటావా అని చాచా అడిగాడు. వద్దన్నాను. టైం చూసుకున్నప్పుడల్లా అది కనబడాలి.

ఆదివారం రికార్డింగ్ చేసేటప్పుడు అది ఎక్కడుందో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. దేవుడి గూట్లో, బాపు హెచ్‌ఎంటీ పక్కన. మీతో మాట్లాడటం కూడా పనే కదా.

అమ్మవారి దయ మనందరి మీదా ఉండాలి. వచ్చే వారం కలుద్దాం. శుభం.