సర్కారు వకీలు ఎవరి వకీలు?

ప్రభుత్వం తరఫున వాదించే పెద్ద న్యాయవాది ఎన్ని కేసులు గెలిచాడన్నది నా దృష్టిలో పెద్ద విషయం కాదు. ప్రభుత్వం పక్షాన నిలబడి ప్రభుత్వానికే ‘ఇది తప్పు’ అని చెప్పగలిగాడా అన్నదే చూడాలి. రాజ్యాంగం 88వ అధికరణం అటార్నీ జనరల్‌కు పార్లమెంటులో మాట్లాడే హక్కిచ్చింది, ఓటు మాత్రం ఇవ్వలేదు. ఆయన చేతిలో ఉన్నదల్లా మాటే. 1950 నుంచి 1963 దాకా తొలి అటార్నీ జనరల్‌గా పనిచేసిన ఎం.సి. సెతల్వాడ్ ఆ మాటకున్న విలువ చూపించారు. వ్యాపారి ముంధ్రా కంపెనీల షేర్లను ఎల్ఐసీ కొన్న వ్యవహారంపై 1958లో ఛాగ్లా కమిషన్ బహిరంగ విచారణ జరిపినప్పుడు, ఆయన కమిషన్‌కు సహకరించారే గానీ ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారిని వెనకేసుకు రాలేదు. మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. అంత జరిగాక కూడా సెతల్వాడ్ మరో ఐదేళ్లు అదే పదవిలో ఉన్నారు. ఆనాటి ప్రభుత్వానికీ ఇందులో కొంత ఘనత దక్కాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది ఎమర్జెన్సీ నాటి జబల్‌పూర్ కేసు. నిర్బంధంలో ఉన్నవారు విడుదల కోరుతూ కోర్టుకు వెళ్లవచ్చా అన్నది అందులో సుప్రీంకోర్టు ముందున్న ప్రశ్న. ఒక పోలీసు అధికారి సొంత కక్షతో మనిషిని చంపేస్తే కోర్టులో దిక్కుందా అని జస్టిస్ ఖన్నా అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని అటార్నీ జనరల్ నిరేన్ డే జవాబిచ్చారు. 1976 ఏప్రిల్‌లో నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పారు, ఖన్నా ఒక్కరే విభేదించారు. డే చేసింది వకీలు పనే కదా, హత్య చేసినవాడికీ వకీలు ఉండాలి కదా అని అడగవచ్చు. ఉండాలి. కానీ ముద్దాయి తన ప్రాణం కాపాడుకోవడానికి కోర్టుకొస్తాడు. ఇక్కడ ప్రభుత్వం వచ్చింది ఎదుటివాడి స్వేచ్ఛ తీసేయడానికి, అదీ అతను కట్టిన పన్నుతోనే వకీలును పెట్టుకొని. అదనపు సొలిసిటర్ జనరల్‌గా ఉన్న ఫాలీ నారిమన్ ఎమర్జెన్సీ పెట్టగానే, 1975 జూన్‌లోనే రాజీనామా చేశారు. దానివల్ల ఎమర్జెన్సీ ఆగలేదన్నది నిజమే. అయితే ఆ కుర్చీలో ఉన్నవాడికి ఇంకో దారి లేదని ఆ తర్వాత ఎవరూ అనలేకపోయారు.

ఎన్నికైన ప్రభుత్వం నిర్ణయిస్తే వకీలు అడ్డు చెప్పడమేమిటన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. విధానం ప్రభుత్వానిదే, అందులో నాకు సందేహం లేదు. చట్టం ఏం చెబుతోందన్నది మాత్రం ఓట్లతో తేలే సంగతి కాదు. ఈ తేడా ఢిల్లీలోకన్నా హైకోర్టులోని ప్రభుత్వ ప్లీడర్ల గదుల్లో ఎక్కువగా చెరిగిపోతోందని నా భయం. రిటైరైన టీచరు పింఛను కేసు గెలుస్తాడు. అప్పీలు దండగని ప్లీడరుకు తెలుసు. వద్దని రాస్తే రేపు ఆడిట్‌కు ఎవరు జవాబు చెప్పాలని అధికారి జంకుతాడు, ఫైలు ‘అప్పీలు చేయండి’ అనే నోట్‌తో తిరిగొస్తుంది. సర్కారు మారగానే ప్లీడర్లూ మారిపోయే చోట, వద్దని గట్టిగా రాసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ప్రభుత్వ న్యాయవాదుల ఎంపిక ప్రతిభ చూసి జరగాలని సుప్రీంకోర్టు 2016లో పంజాబ్ కేసులో చెప్పింది. దానికి తోడు ప్లీడరు రాసిన అభిప్రాయం ఫైల్లో చెక్కుచెదరకుండా ఉండాలి, దాన్ని కాదన్న అధికారి కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ టీచరు బతికుండగా పింఛను అందడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించడం లేదు.